ఉగాది బుర్రకథ: చెన్నై టిక్కెట్ల సంగతి ఈ రాత్రికే తేలాలి
(సింగపూర్‌లో ఉంటున్న నెల్లూరు వైపు వాళ్ళ గ్రూపు; ఒకరినొకరు సొంత ఊరి పేరుతోనే పిలుచుకుంటారు)

కావలి:
అందరికీ నమస్కారం. ఆదివారం రాసుకున్న పనులు మళ్ళీ పెడుతున్నా. స్టేజీ బ్యానర్ కోవూరు తమ్ముడు, హోటల్ గదులు నేను, క్యాటరింగ్ కందుకూరు వదిన, ఫోటోలు ఆత్మకూరు. అయితే ముందు ఒక మాట వినండి. నెల్లూరు నుంచి వచ్చే బుర్రకథ దళానికి టిక్కెట్లు ఇప్పుడే చూశా. ముగ్గురికీ మనం పక్కన పెట్టింది 1,800 సింగపూర్ డాలర్లు. చెన్నై నుంచి సింగపూర్‌కి డైరెక్ట్ ఫ్లైట్ బుధవారం రాత్రిది 2,650 చూపిస్తోంది. ఉగాది పక్కనే హరిరాయ (రంజాన్ పండుగ) సెలవు పడింది, అందుకే ఇంత మంట. పైగా డబ్బు ఇస్తానన్న దాత ఈ ఏడు కుదరదని నిన్న చెప్పారు. రేపటికి ఇంకా పెరుగుతుంది.

కోవూరు:
అన్నా, వైజాగ్ నుంచి చూశారా? స్కూట్ ఎయిర్‌లైన్ వాళ్ళది అక్కడి నుంచి నేరుగా ఉంది, ముగ్గురికీ కలిపి 1,900లో వస్తోంది. దూరం కూడా లెక్క వేశా. చెన్నై నుంచి సింగపూర్ గాల్లో సుమారు 2,900 కిలోమీటర్లు, వైజాగ్ నుంచీ ఇంచుమించు అంతే. వైజాగ్ ఎగువన ఉన్నా తూర్పుకి జరిగి ఉంది కదా, ఆ తేడా ఈ తేడా సరిపోతాయి. హైదరాబాద్ అయితేనే 3,300 అవుతుంది.

కావలి:
గాల్లో సరిపోయింది తమ్ముడూ, మరి నేల మీద? నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, వైజాగ్ 600 పైమాటే. కథ చెప్పే పెద్దాయనకి 66 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పులు. రాత్రంతా రైల్లో కూర్చోబెట్టి, దిగీ దిగగానే విమానం ఎక్కించి, ఆ తర్వాత స్టేజీ మీద గంటన్నర అడుగులేస్తూ కథ చెప్పమంటే ఎట్టా? మన ఇంటి పెద్దవాళ్ళయితే అట్టా చేస్తామా?

కోవూరు:
డబ్బు మిగిలే దారి చెబితే నా మీద పడతారేంది? పోయినసారి హాలు అడ్వాన్సు నా కార్డు మీద కట్టించుకున్నారు. అందులో 300 ఇంకా రావాలి, దాని ఊసే ఎవరూ ఎత్తరు. నేను చెప్పిన మాటకి మాత్రం వెంటనే తప్పు పట్టేస్తారు. బ్యానర్ కూడా వేరే ఎవరికైనా ఇచ్చేయండి.

ఆత్మకూరు:
ఇద్దరూ కాస్త ఆగండి. చెన్నై నుంచి కౌలాలంపూర్ వచ్చి, అక్కడి నుంచి బస్సు ఎక్కితే? అది తక్కువలో పోతుంది.

కందుకూరు వదిన:
వద్దబ్బాయ్. వాళ్ళు ముగ్గురూ మొదటిసారి విమానం ఎక్కుతున్నారు. రెండు దేశాల ఇమ్మిగ్రేషన్, బోర్డర్లో సామానంతా దింపుకుని మళ్ళీ ఎక్కడం, తెలుగు మాట వినపడని చోట ఆ టెన్షన్ వాళ్ళకెందుకు? మన నెల్లూరు దగ్గర కడతామన్న దగదర్తి ఎయిర్‌పోర్టు ఎప్పుడో వచ్చి ఉంటే చెన్నై దాకా అయినా హాయిగా వచ్చేవాళ్ళు.

ఉదయగిరి బాబాయ్:
కోవూరూ, నీ 300 మాట న్యాయమైందే. పోయినసారి లెక్కలు చూసింది నేను, నేనే మర్చిపోయా. తప్పు నాది. కావలీ, ఒకరోజు ముందు రాత్రికి ఎంతుందో చూడు.

కావలి:
మంగళవారం రాత్రికి 2,380, బాబాయ్. కానీ ఒకరోజు ముందొస్తే గదులకి ఇంకో రాత్రి అద్దె కట్టాలి కదా.

ఉదయగిరి బాబాయ్:
గదులే వద్దు. పెద్దాయన మా ఇంట్లో ఉంటారు, లిఫ్టు మా అంతస్తులోనే ఆగుతుంది. పక్కన వంత పాడే ఇద్దరూ ఆత్మకూరు వాళ్ళింట్లో. గదులకి అనుకున్న 750 ఇందులో కలిపితే 2,550 అయింది. టిక్కెట్లు పోగా మిగిలే 170 కోవూరుకి ఇవ్వండి, తక్కిన 130 నేను ఇస్తా.

కోవూరు:
అంత అవసరం లేదు బాబాయ్. కోపంలో అన్నా. అన్నా, మీరూ ఏమనుకోవద్దు.

కావలి:
నేనూ గట్టిగా మాట్లాడా తమ్ముడూ. నువ్వు లెక్క వేయబట్టే ఇంత దూరం ఆలోచించాం.

ఆత్మకూరు:
సరే మా ఇంట్లో ఓకే. రాత్రి 11కి చెన్నైలో ఎక్కితే నాలుగుంపావు గంటల ప్రయాణం, ఇక్కడి టైము రెండున్నర గంటలు ముందు కాబట్టి దిగేసరికి ఆరు కావస్తుంది. చాంగీ ఎయిర్‌పోర్టుకి నేను వెళ్తా. నెల్లూరులో వాళ్ళని మధ్యాహ్నం రైలే ఎక్కమనండి. కారైతే తడ దాటాక ఊళ్ళోకి వచ్చి, ఎయిర్‌పోర్టు దక్షిణాన మీనంబాక్కంలో కాబట్టి సిటీ అంతా దాటాలి. సెంట్రల్లో దిగితే మెట్రో నేరుగా ఎయిర్‌పోర్టుకే పోతుంది.

కందుకూరు వదిన:
తంబురా సంగతి ఎవరైనా ఆలోచించారా? చేతి సామాను 7 కిలోలే, పైగా అది పొడుగు. లగేజీలో వేస్తే మెడ విరుగుతుంది. వీడియో కాల్లో చూశా, బుర్ర దగ్గర సన్నగా పగులుంది, దాని మీద లక్క పూసి దారం చుట్టారు. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకునే మాట్లాడతాడు, కింద పెట్టడు.

కోవూరు:
ఎయిర్‌లైన్ వాళ్ళకి పొద్దున్నే నేను ఫోన్ చేస్తా. చేతిలో ఒప్పుకోకపోతే లోపల ఫోమ్ పెట్టిన గట్టి పెట్టె కావాలి, చెన్నైలో మా బావమరిది చేయిస్తాడు. వంతవాళ్ళు వాయించే డక్కీలు రెండూ బట్టల మధ్య పెట్టి లగేజీలో వేయొచ్చు.

ఆత్మకూరు:
ఇంకోటి. సింగపూర్‌లో దిగేవాళ్ళు ఆన్‌లైన్‌లో నింపే అరైవల్ కార్డు దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపే నింపాలి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. డబ్బు అడిగే సైటు ఏదైనా దొంగదే. నేనే నింపి వాళ్ళ ఫోన్లకి పంపుతా. చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి ఏదో ప్రేమగా సర్దుతారు, చికెన్‌ది మాత్రం వద్దని ఇప్పుడే చెప్పండి. మన దేశం నుంచి మాంసం తేనివ్వరు, వాళ్ళ కళ్ళ ముందే పారేయిస్తే బాధపడతారు.

కందుకూరు వదిన:
నేను చెబుతా. వాళ్ళున్నన్ని రోజులూ వంట నాదే. ఉగాది రోజు పచ్చడి, బొబ్బట్లు. మర్నాడు మామిడికాయ వేసి చేపల పులుసు. తిరిగి వెళ్ళే రోజు కాస్త ముందు తీసుకెళ్ళి చాంగీలోనే ఉన్న జ్యువెల్ మాల్‌లో ఆ 40 మీటర్ల జలపాతం చూపిద్దాం, వచ్చేది తెల్లవారుజామున కాబట్టి అప్పుడు నీళ్ళు వదలరు.

కావలి:
బుక్ చేశా. మూడు సీట్లూ పక్కపక్కనే దొరికాయి, పెద్దాయనకి నడవా వైపు ఇచ్చా, కాళ్ళు చాపుకుంటాడని. చెన్నైలోనూ చాంగీలోనూ వీల్ చెయిర్ కూడా అడిగా. కోవూరూ, పెట్టె కొలతలకి తంబురా పొడుగెంతో కనుక్కో, ఇప్పుడు వాళ్ళకి తొమ్మిదే అవుతుంది, మేలుకునే ఉంటారు.

కోవూరు:
చేస్తున్నా అన్నా.