సొంత ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్): మొదటి రోజు నుంచే పోర్టబుల్‌గానా (ఏ చిప్పు మీదైనా ఆడేట్టు), ముందు ఒక మెషీన్ మీద లేపాకా?

ఏర్పేడు_కుర్రోడు:
నలుగురం కలిసి చిన్న కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) రాస్తా ఉండాం. చేతిలో పాత ఇంటెల్ ల్యాప్‌టాప్, ఒక రాస్ప్‌బెర్రీ పై (ఏఆర్ఎం చిప్పున్న చిన్న బోర్డు), ఒక రిస్క్-ఫైవ్ (ఇంకో రకం చిప్పు) బోర్డు ఉండాయి. హార్డ్‌వేర్‌ని తాకే కోడంతా ముందే వేరే పొరలో పెట్టమంటారు మా సారు. రెండు నెలలుగా ఆ పొరకి హెడర్ ఫైళ్ళే (ఫంక్షన్ల పేర్లు ప్రకటించే ఫైళ్ళు) రాస్తా ఉండాం, స్క్రీన్ మీద ఒక్క అక్షరం పడ్లేదు. ముందు ఇంటెల్ మీద లేపుదాం, మిగతాది తర్వాత అని నేనంటా. ఎవరిది రైటు?

కరకంబాడి_రోడ్డు:
నీదే తమ్ముడూ. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ తన లైనక్స్ ఓఎస్ గురించి చెప్పుకుంటా, ఇది పోర్టబుల్ కాదు, ఇంటెల్ 386 చిప్పులోని టాస్క్ స్విచింగ్ వాడుకున్నా అన్నాడు. 1992లో మినిక్స్ ఓఎస్ రాసిన ప్రొఫెసర్ టానెన్‌బామ్ అదే పట్టుకుని తగులుకున్నాడు. ఇప్పుడు ఫోన్లో, సూపర్ కంప్యూటర్లో ఏది ఆడుతోంది? యూనిక్స్ కూడా అసెంబ్లీలో పుట్టి 1973లో సీ భాషలోకి మారిందే. అక్షరం పడకముందే మూడు చిప్పులకి పొరంటే, ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

పలమనేరు_పాలు:
సగం కథ చెప్పి ఆపినావన్నా. అదే లైనక్స్‌ని 64-బిట్ ఆల్ఫా చిప్పు మీదికి తీసుకుపోయేటప్పుడు లోపలంతా కోసి కుట్టాల్సొచ్చింది.

నా సంగతి వినండి. ఒక పాల సేకరణ కేంద్రంలో తూకం మిషన్‌కి సాఫ్ట్‌వేర్ రాసినా. పాత బోర్డు ఒక అంకెని మెమరీలో రాసేటప్పుడు పెద్ద బైటు ముందు పెట్టేది. దాని మెమరీ కార్డు తీసి కొత్త ఏఆర్ఎం బోర్డులో పెడితే, అది చిన్న బైటు ముందనుకుని చదివింది. 5 లీటర్లు పోసిన ఆయమ్మకి 1,280 లీటర్లని చీటీ వచ్చింది. ఆవుకి దిష్టి తీయమని అందరూ ఒకటే నవ్వు. నేను మాత్రం మూడు రోజులు నిద్రపోలేదు.

కరకంబాడి_రోడ్డు:
అది ఓఎస్ తప్పు కాదబ్బా. స్ట్రక్చర్‌ని (మెమరీలోని డేటా కట్టని) ఉన్నదున్నట్టు కార్డులో కుమ్మరించిన నీ తప్పు.

పలమనేరు_పాలు:
తప్పు నాదే, ఒప్పుకుంటా. కానీ ఒకే బోర్డు ముందర కూర్చున్నన్నాళ్ళూ అది తప్పని తెలీదు కదా!

గోవిందరాజుల_వీధి:
ఇద్దరూ అసలు ముడి దగ్గరికి రాలేదు. విండోస్ ఎన్‌టీ వాళ్ళు కావాలనే ముందు ఐ860 చిప్పు మీద, ఆ తర్వాత మిప్స్ చిప్పు మీద మొదలుపెట్టినారు, ఎక్స్86 (మామూలు పీసీల ఇంటెల్ చిప్పుల రకం) అలవాట్లు కోడులోకి దూరకుండా. వాళ్ళకి పెద్ద టీము, డబ్బు. మీరు నలుగురు. కాబట్టి హెడర్లు పక్కన పడేసి రెండే బోర్డులు పట్టుకోండి: ల్యాప్‌టాప్, రిస్క్-ఫైవ్. ఈ వారం దీని మీద ఆడింది వచ్చే వారానికి దాని మీద ఆడాలి. రెండూ తగాదా పడిన చోటే గీత గీయండి. ముందే ఊహించి గీస్తే వంకర పోతుంది.

తగాదా ఎక్కడొస్తుందంటే, ల్యాప్‌టాప్‌లో పీసీఐని (కార్డులు తగిలించే దారిని) అడిగితే కార్డులేవో అదే చెప్తుంది. చిన్న బోర్డులో సీరియల్ పోర్టు ఏ అడ్రసులో ఉందో డివైస్ ట్రీ (బోర్డులో ఏది ఎక్కడుందో రాసిన పట్టిక) చెప్తే తప్ప తెలీదు. పై 3 నుంచి పై 4కి పోతేనే అడ్రసులు మారిపోతాయి. ఇంకోటి, ఇది నిజంగా కాటేసేది: మెమరీకి రాసిన వరస. ఇంటెల్‌లో ఒక కోర్ వరసగా రాసినవి మిగతా కోర్లకీ అదే వరసలో కనిపిస్తాయి. ఏఆర్ఎం, రిస్క్-ఫైవ్ బారియర్ (వరస తప్పొద్దని చెప్పే ఆదేశం) పెట్టకపోతే ఆ హామీ ఇవ్వవు. ల్యాప్‌టాప్‌లో ఏడాది ఆడిన లాక్ (రెండు కోర్లు ఒకేసారి ఒకే డేటాని ముట్టకుండా ఆపేది) అక్కడ నెలకోసారి పడిపోతుంది, ఎందుకో దొరకదు. మీ సారు పొర దీన్నుంచి కాపాడదు, రెండో బోర్డు కాపాడుతుంది.

కరకంబాడి_రోడ్డు:
లాక్ సంగతి ఒప్పుకుంటా. కానీ మొదటి అక్షరం ఒక్క బోర్డు మీదే పడనీ సామీ.

ఏర్పేడు_కుర్రోడు:
పడిందన్నా! రిస్క్-ఫైవ్ మీద, ఇప్పుడే. 'హలో' పంపితే 'హ' ఒక్కటే వచ్చింది, మిగతాది లోపలే ఉండాది.

గోవిందరాజుల_వీధి:
సీరియల్ పోర్టు నుంచి ఒక అక్షరం బయటికి పోయిందాకా ఆగి రెండోది పంపుతున్నావా?