రీజెంట్స్ పార్కులో గుంపుగా తొక్కే సాధన వెలోడ్రోమ్ పోటీలకు ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న – ఈస్ట్ హామ్, లండన్ నుంచి

అందరికీ నమస్కారం. లండన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మేము కొందరం తెలుగువాళ్లం కొంతకాలంగా తెల్లవారుజామున రీజెంట్స్ పార్కు చుట్టూ ఉన్న అవుటర్ సర్కిల్ మీద కలిసి సైకిళ్లు తొక్కుతున్నాం. ఒక చుట్టు సుమారు నాలుగున్నర కిలోమీటర్లు ఉండే ఆ దారిలో ఉదయం ఏడు గంటల వరకు కార్లు రాకుండా గేట్లు మూసి ఉంచుతారు కాబట్టి, ఆ వేళలో ఇద్దరిద్దరుగా, వంతులవారీగా ముందుకు వస్తూ, గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో సాగడం మాకు బాగానే అలవాటైంది. ఇప్పుడు మాలో కొందరి మనసు ట్రాక్ మీదికి మళ్లింది. లీ వ్యాలీ వెలోడ్రోమ్‌లో, అంటే మలుపులు వాలుగా ఉండే సైకిల్ పోటీల ట్రాక్‌లో, పోటీలకు అర్హత ఇచ్చే నాలుగు దశల శిక్షణ పూర్తిచేసి, ఆ తర్వాత కొత్తవారికి పెట్టే స్క్రాచ్ (చివర ముందుగా గీత దాటినవారే గెలిచేది), పాయింట్స్ (మధ్యమధ్య వచ్చే స్ప్రింట్లకు పాయింట్లు ఇచ్చేది) రేసులలో పాల్గొనాలన్నది మా కోరిక.

వెలోడ్రోమ్‌లో సమయం దొరకడం అంత తేలిక కాదు, ఖర్చూ ఉంది. అందుకని పార్కులో చేసే సాధననే ట్రాక్‌కు తగ్గట్టు మలచుకోవాలని అనుకుంటున్నాం. ప్రతి చుట్టులోనూ మసీదు దగ్గర నుంచి జంతు ప్రదర్శనశాల వరకు పూర్తి బలంతో పరుగు తీస్తే పాయింట్స్ రేసుకు అచ్చమైన సాధన అవుతుందని మాలో ఒకరు పట్టుబడుతుంటే, అది ప్రమాదమని మరొకరు అంటున్నారు. ఫిక్స్‌డ్ గేర్ సైకిళ్లను (చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరుగుతూనే ఉండేవి) పార్కుకే తెచ్చి అలవాటు చేసుకోవడం మంచిదా కాదా అన్నది రెండో సందేహం. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం – హెర్న్ హిల్ ట్రాక్‌లో చాలాకాలంగా తొక్కుతున్న సభ్యుడు

ముందు ఆ పరుగుల సంగతి తేల్చుకుందాం. అది మానేయండి. 2022 వేసవిలో అదే అవుటర్ సర్కిల్‌పై, ఒకరి వెనుక ఒకరుగా గంటకు నలభై కిలోమీటర్లు దాటిన వేగంతో వెళుతున్న గుంపులోని ఒక సైకిలిస్టు, కుక్కతో రోడ్డు దాటుతున్న ఎనభై ఏళ్లు పైబడిన ఒక పెద్దావిడను ఢీకొన్నారు; ఆమె తర్వాత ఆ గాయాలతోనే మరణించారు. అక్కడ పెట్టిన ఇరవై మైళ్ల వేగ పరిమితి మోటారు వాహనాలకే తప్ప సైకిళ్లకు చట్టప్రకారం వర్తించదన్న విషయం 2024లో జరిగిన విచారణలో బయటపడ్డాక దేశమంతా చర్చ నడిచింది. చట్టం పట్టుకోదన్నంత మాత్రాన ఆ వేగం తగినదైపోదు. గేట్లు మూసింది కార్లకే గాని, కుక్కలను తిప్పేవారికీ పరుగెత్తేవారికీ కాదు. చీకట్లో తల దించుకుని, ముందువాడి చక్రం తప్ప మరేదీ చూడకుండా తొక్కే గుంపుకు నడిచే మనిషి చివరి క్షణం దాకా కనిపించడు.

సాధన కోణంలో చూసినా ఆ పరుగు పాయింట్స్ రేసును పోలి ఉండదు. 250 మీటర్ల ట్రాక్‌లో పది చుట్లకు ఒకసారి స్ప్రింట్ వస్తుంది. మొదటి నలుగురికి వరుసగా 5, 3, 2, 1 పాయింట్లు ఇస్తారు. పది చుట్లంటే రెండున్నర కిలోమీటర్లు, అంటే గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో సరిగ్గా మూడు నిమిషాలు. మీ పార్కు చుట్టు ముప్పై వేగంతో తొమ్మిది నిమిషాలు పడుతుంది. తొమ్మిది నిమిషాలకొకసారి వచ్చే స్ప్రింట్‌కు ముందు కాళ్లు పూర్తిగా తేరుకుంటాయి. పాయింట్స్ రేసులో అసలు కష్టం స్ప్రింట్ కాదు. స్ప్రింట్ అయిన మరుక్షణం, ఊపిరి అందకుండా ఉన్నప్పుడే, గుంపు వేగం తగ్గకుండా సాగిపోతుంటే దాని తోక వదలకుండా ఉండటమే కష్టం. పైగా ప్రధాన గుంపు కంటే ఒక చుట్టు ముందుకు వెళ్లినవారికి ఇరవై పాయింట్లు కలుస్తాయి కాబట్టి, అందరూ అలసిన ఆ క్షణంలోనే ఎవరో ఒకరు దూసుకుపోతారు.

ఈ తరహా సాధన చేయాలంటే లీ వ్యాలీలోనే వెలోడ్రోమ్ పక్కన ఒక మైలు పొడవున్న, వాహనాలు రాని రోడ్ సర్క్యూట్ ఉంది. అక్కడ మూడు నిమిషాలకొక స్ప్రింట్ చొప్పున ఐదారు పెట్టుకుని, మధ్యలో విశ్రాంతి తీసుకోకుండా ఓ మోస్తరు గట్టిగానే తొక్కుతూ ఉండండి. దానితో ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పార్కు నేర్పేది వేరు, అది చిన్నదేమీ కాదు. ముందువారి వెనుక చక్రానికి జానెడు దూరంలో నిలకడగా ఉండటం, గాలి చాటున తొక్కేటప్పుడు బ్రేకు జోలికి పోకుండా పెడల్ మీద ఒత్తిడి కాస్త తగ్గించి వేగాన్ని సర్దుకోవడం, తల తిప్పి వెనక్కి చూసినా సైకిల్ గీత తప్పకుండా పోవడం, ఈ మూడూ పార్కులోనే నేర్చుకోవచ్చు. లీ వ్యాలీ శిక్షణలో చాలామంది ఆగిపోయేది కాళ్ల బలం చాలక కాదు, భుజం మీదుగా చూడగానే సైకిల్ అడుగున్నర పక్కకు జరగడం వల్ల. ఇంకొక మాట. వంతు అయిపోయినవారు ముందు నుంచి తప్పుకునే పద్ధతిని ఇప్పుడే ట్రాక్ పద్ధతికి మార్చుకోండి. ట్రాక్‌లో అపసవ్య దిశలో తిరుగుతాం, ముందున్నవారు కుడివైపుకు, అంటే వాలు పైకి ఎక్కి, వేగం దానంతటదే తగ్గుతుండగా వరుస తమను దాటనిచ్చి, ఆఖరివారి చక్రం ఎదురుకాగానే దిగి దాని వెనుక చేరతారు. పార్కులో వాలు లేదు కాబట్టి కుడివైపుకు ఒక్క మూర జరిగి, పెడల్ తేలిక చేస్తే చాలు. వెనుక ఎవరూ రావడం లేదని చూసుకోకుండా మాత్రం జరగకండి. ఆఖరివారు తమ పక్కకు రాగానే ‘లాస్ట్’ అని ఒక్క మాట చెప్పే అలవాటు పెట్టుకుంటే, తప్పుకున్నవారు వరుసను అందుకోలేక వెనుకబడిపోవడం అనే మామూలు చిక్కు తీరుతుంది.

సమాధానం – క్రాయ్‌డన్ నుంచి, సైకిళ్లు బిగించే పని తెలిసిన సభ్యుడు

మీ రెండో సందేహం గురించి నాకు తెలిసింది చెబుతాను. ట్రాక్ సైకిల్‌కు బ్రేకులుండవు, దాన్ని అలాగే రోడ్డు మీదికి తేవడం ఈ దేశంలో చట్టవిరుద్ధం. ఫిక్స్‌డ్ గేర్ ఉంటే వెనుక చక్రాన్ని కాళ్లతో ఆపగలం కాబట్టి దాన్ని ఒక బ్రేకుగా లెక్కిస్తారు. ముందు చక్రానికి మాత్రం బ్రేకు తప్పనిసరి. ముందు ఫోర్కుకు బ్రేకు బిగించే రంధ్రం లేని అసలైన ట్రాక్ సైకిళ్లు చాలానే ఉన్నాయి, అలాంటిదైతే పార్కు ఆలోచన అక్కడితో వదిలేయాల్సిందే.

బ్రేకు బిగించుకున్నా గేరు సంగతి ఆలోచించాలి. ముందు 48 పళ్లు, వెనుక 16 పళ్లు పెట్టుకుంటే పెడల్ ఒక్కసారి తిరిగేసరికి సైకిల్ ఆరు మీటర్లకు పైగా పోతుంది. ట్రాక్‌లో నలభై ఐదు వేగంతో వెళ్లేటప్పుడు ఆ గేరులో కాళ్లు నిమిషానికి దాదాపు 119 సార్లు తిరుగుతాయి. అదే గేరుతో పార్కులో ముప్పై వేగంతో వెళితే డెబ్బై తొమ్మిది సార్లకు మించి తిరగవు. అంటే ట్రాక్‌కు కావలసిన కాలి చురుకుదనం రాదు సరికదా, కూడళ్ల దగ్గర ఆగి బయలుదేరిన ప్రతిసారీ మోకాళ్ల మీద భారం పడుతుంది. అదే 44, 18 పళ్లతో అయితే ముప్పై వేగానికే నిమిషానికి తొంభై ఏడు వరకు తిరుగుతాయి, అది సాధనకు పనికొచ్చే సంఖ్య.

అయినా, సగం మంది కాళ్లు ఆపినా చక్రం తిరిగే మామూలు ఫ్రీవీల్ సైకిళ్ల మీద, సగం మంది ఫిక్స్‌డ్ మీద కలిసి తొక్కడం నాకు నచ్చదు. ఫ్రీవీల్ ఉన్నవారు కాళ్లు ఆపి నిమిషంలో సర్దుకుంటారు, ఫిక్స్‌డ్ మీద ఉన్నవారు అలవాటుకొద్దీ కాళ్లు ఆపబోతే పెడల్ వారిని పైకి ఎత్తి కుదుపుతుంది, ఆ కుదుపు వెనుకవారి దాకా పాకుతుంది. ఆ అలవాటు పోగొట్టుకోవడానికి ఇంట్లో రోలర్లను మించినది లేదు. మూడు డోలు చక్రాల మీద సైకిల్ నిలబెట్టి తొక్కడం మొదట్లో తలుపు చట్రాన్ని పట్టుకుని గాని సాధ్యం కాదు, కానీ దాని మీద నిలకడగా తొక్కగలిగినవారి నడుము పైభాగం ట్రాక్ మీద కదలదు. వర్షం పడే ఈ ఊళ్లో అది ఇంకో సదుపాయం కూడా.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. స్ప్రింట్ వాదన మా గుంపులో ఇక ముగిసినట్టే. ఇంకొక సందేహం మిగిలింది. మాలో ఇద్దరు మహిళలు లీ వ్యాలీకి వచ్చి గ్యాలరీలోంచి ఆ గోడలాంటి మలుపును చూసి, తాము హెర్న్ హిల్‌కు మాత్రమే వస్తామంటున్నారు. వారి భయం సమంజసమేనా?

సమాధానం – హెర్న్ హిల్ సభ్యుడు

భయం సహజం, హెర్న్ హిల్‌తో మొదలుపెట్టాలన్న ఆలోచన మాత్రం భయంతో సంబంధం లేకుండానే మంచిది. 1891లో మొదలై, 1948 ఒలింపిక్స్ సైకిల్ పోటీలు జరిగిన ఆ ఆరుబయటి ట్రాక్ ఒక చుట్టు దాదాపు 450 మీటర్లు. వాలు తక్కువ, స్థలం ఎక్కువ కాబట్టి కొత్తవారు గుంపులో తొక్కుతూ తడబడినా సర్దుకునే వీలుంటుంది. వాన వస్తే మాత్రం ఆ రోజు సాధన పోయినట్టే.

లీ వ్యాలీలో మలుపులు 42 డిగ్రీల వాలుతో ఉంటాయి. వేగంగా తిరిగే సైకిల్ మలుపులో బయటికి విసిరినట్టు పోబోతుంది. ఆ వాలే దాన్ని లోపలికి తోస్తుంది కాబట్టి యాభై దరిదాపుల్లో వెళ్లేవారికి ఆ మలుపు చదునుగా ఉన్నట్టే అనిపిస్తుంది. అంతకంటే తక్కువ వేగంలో మిగిలిన పని టైరు పట్టు చేస్తుంది, ముప్పై చుట్టుపక్కల ఉన్నా జారరు. మీవాళ్లు పార్కులో తొక్కుతున్నది సరిగ్గా ఆ వేగమే. చిక్కు వచ్చేది మలుపులోకి ప్రవేశిస్తూ భయంతో కాళ్లు బిగబట్టి వేగం తగ్గించినప్పుడే. చూపు ముందు చక్రం మీద కాకుండా మలుపు అవతలి అంచు మీద పెట్టమనండి, మలుపు లేకుండా నేరుగా సాగే భాగంలోనే కాస్త వేగం పెంచుకుని మలుపులోకి వెళ్లమనండి. మొదట చాలాసేపు అడుగున ఉన్న నీలి పట్టీ మీదా, నల్ల గీత మీదా మాత్రమే తొక్కిస్తారు, ఒక్కసారిగా పైకి ఎక్కమనరు.

సమాధానం – హైదరాబాద్ నుంచి

ఈ చర్చ చదువుతుంటే ఇక్కడి పరిస్థితి గుర్తొచ్చి రాస్తున్నాను. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల ట్రాక్ సైక్లింగ్ పోటీలు మీ లీ వ్యాలీలోనే జరిగాయి. మన రొనాల్డో సింగ్, ఎసో అల్బెన్ వంటివారు పోటీపడిన ట్రాక్ మీద మీరు నేర్చుకోబోతున్నారంటే కాస్త ఈర్ష్యగానే ఉంది. మాకు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన వెలోడ్రోమ్ ఉంది. గుంపుగా తొక్కే సాధనకు మాలో చాలామంది 2023లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన తెరిచిన, సౌర పలకల నీడ ఉన్న ఇరవై మూడు కిలోమీటర్ల సైకిల్ దారిని వాడుకుంటున్నాం. అక్కడ కార్లు ఉండవు, కానీ ఆదివారాలు పిల్లలతో వచ్చే కుటుంబాలు ఉంటాయి. పైన చెప్పినట్టు పార్కు పనిని, ట్రాక్ పనిని విడదీయడం మాకూ పనికొస్తుందనిపిస్తోంది. అయితే ఇక్కడ ఎండాకాలంలో ఆరు దాటితే బయట గట్టి సాధన సాగదు. రోలర్ల మీద ఎంతసేపు, ఏ గేరుతో తొక్కాలో క్రాయ్‌డన్ మిత్రులు చెప్పగలరా?

సమాధానం – క్రాయ్‌డన్ సభ్యుడు

తేలిక గేరుతోనే తొక్కండి. పది నిమిషాలు మెల్లగా తొక్కాక, ఒక నిమిషం నిమిషానికి 110 చొప్పున, ఒక నిమిషం 90 చొప్పున మార్చి మార్చి పావుగంట చేయండి. పిరుదులు సీటు మీద ఎగరడం మొదలైన చోటే మీ ప్రస్తుత హద్దు, దానికి ఐదు తక్కువలో ఉంటూ వారం వారం పెంచుకోండి. మీ ఊరి ఎండల్లో ఎదురుగా ఫ్యాను తప్పనిసరి, చెమట చైన్ మీద పడకుండా పైన ఒక తువ్వాలు వేసుకోండి.