6 అడుగుల ట్యాంక్‌లో ఆస్కార్‌కు తోడుగా ఏ సిక్లిడ్స్ (ఆస్కార్ కూడా ఈ చేపల కుటుంబమే) పెట్టొచ్చు?

హన్మకొండ_ఆక్వా:
6×2×2 ట్యాంక్ రెడీ అయింది, 12 ఎంఎం గ్లాస్. సంప్ ఫిల్టర్ (వేరే తొట్టిలో నీళ్లు వడగట్టేది) నెల నుంచి నడుస్తున్నది, చేపలకు విషమయ్యే అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా. బోరు నీళ్లు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పులు) 650, పీహెచ్ 7.8. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, జాక్ డెంప్సీ, షాపులో దొరికే ఆఫ్రికన్ మిక్స్ ఓ పది పెడదామని ఉంది. ఇవి కలిసి ఉంటయా? ట్యాంక్ మొదటి అంతస్తులో ఉంటది.

ఓరుగల్లు_సిక్లిడ్:
అన్నా, ముందు ఫ్లవర్‌హార్న్ పేరు కొట్టేయున్రి. 6 అడుగుల ట్యాంక్ మొత్తం దానికే కావాలంటది, పక్కన ఏది పెట్టినా రెక్కలు చింపి మూలకు తోస్తది. దాన్ని ఒంటరిగా పెంచుకోవాలె.

ఆఫ్రికన్ మిక్స్ అని అమ్మేటివి ఎక్కువగా మలావీ సరస్సు ఎంబూనాలు. మీ బోరు నీళ్లు వాటికి భేషుగ్గా సరిపోతయ్, ఇబ్బంది తిండితోనే. ఎంబూనాలు రాళ్ల మీది పాచి గీక్కొని బతికేటివి. ఆస్కార్‌కు వేసే ప్రొటీన్ పెల్లెట్లు రోజూ తింటే కడుపుబ్బి చస్తయ్. పైగా ఆస్కార్ అడుగు పొడుగు పెరుగుతది, చిన్న ఎంబూనా దాని నోట్లో పట్టేస్తది.

ఇది దాదాపు 680 లీటర్లు. ఆస్కార్ 1, జాక్ డెంప్సీ 1, గ్రీన్ టెర్రర్ 1, సెవెరమ్ 1, సిల్వర్ డాలర్లు (గుంపుగా తిరిగే చేపలు) 6, ప్లెకో (అడుగున తిరిగే క్యాట్‌ఫిష్) 1. అంతకు మించి వద్దు. ఏ రకం సిక్లిడ్ అయినా ఒక్కటే. జత కుదిరి గుడ్లు పెట్టినయంటే సగం ట్యాంక్ వాటిదే, మిగతావన్నీ అవతలి గోడకు అతుక్కోవాలె. డెంప్సీలో ఆడది కొంచెం మెతక. మొప్ప మూత మీద నీలి మచ్చలు దట్టంగా ఉన్నది చూసి తెచ్చుకోండి.

గ్రానైట్_గుట్ట:
పై లిస్టు సరే, కానీ వేసే వరుస తప్పితే అదే లిస్టు కొట్లాటల పాలవుతుంది. మొదట సెవెరమ్, సిల్వర్ డాలర్లు. రెండు వారాలయ్యాక ఆస్కార్, డెంప్సీ. గ్రీన్ టెర్రర్ అన్నిటికన్నా చివర, అదీ మిగతావాటి కంటే ఓ అంగుళం చిన్నది. కొత్త చేప వేసే రోజు రాళ్లన్నీ జరిపి, రాత్రంతా లైటు ఆపేయండి. పాత హద్దులు చెరిగిపోయి అందరూ కొత్తవాళ్లే అవుతారు.

రాళ్లకు కరీంనగర్ గ్రానైట్ ముక్కలు చాలు. షాబాద్ బండ, తాండూరు నాపరాయి సున్నపురాయే, గట్టి నీళ్లను (కఠిన జలాన్ని) ఇంకా గట్టి చేస్తాయి. అనుమానముంటే నిమ్మరసం పిండి చూడండి, నురగ వస్తే వద్దు. ముందు రాళ్లు అడుగు గ్లాసు మీద పెట్టి, ఆ తర్వాతే ఇసుక పోయాలి. ఇసుక మీద పేరిస్తే ఈ చేపలు కింద తవ్వుతాయి, రాయి జారి గ్లాసు పగులుతుంది.

నోరూ నోరూ పట్టుకుని తోసుకోవడం మామూలే. ఒక చేప నీటి పైమూలలో హీటర్ వెనక నక్కి మేతకు రాకపోతే మాత్రం ఆరోజే డివైడర్ (మధ్యలో అడ్డుపలక) వేయండి.

హన్మకొండ_ఆక్వా:
థాంక్స్ అన్నా. మరి మే నెల ఎండలకు? కరెంటు పోతే?

ఓరుగల్లు_సిక్లిడ్:
మూత తీసి నీళ్ల మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతది. అయితే ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లే పోయాలె. బోరు నీళ్లు పోస్తూ పోతే ఉప్పులు మిగిలి టీడీఎస్ ఎక్కుతనే ఉంటది. వారానికి 30 శాతం మార్చేటప్పుడు బోరు నీళ్లు పర్వాలేదు. భగీరథ నల్లా నీళ్లయితే క్లోరిన్ కోసం 100 లీటర్లకు 1 నుంచి 2 గ్రాముల సోడియం థయోసల్ఫేట్ కలపాలె.

కరెంటుకు బ్యాటరీ ఎయిర్ పంపులు రెండు పెట్టుకోండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తయ్. పంపు ఆగిన పూట మేత వేయొద్దు.

ఇంకోటి, నిండిన ట్యాంక్ స్టాండ్‌తో కలిపి 850 కిలోలు దాటుతది. స్లాబ్ నడిమిట్ల పెట్టకున్రి, కింద బీము ఉన్న గోడవారగా పెట్టి, ఇల్లు కట్టిన మేస్త్రీని ఓసారి అడగండి.