ఆర్కిటిక్ అంటే ఎక్కడి నుంచి మొదలు? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

గోదారి_కుర్రోడు: డిసెంబరులో అమ్మానాన్నలతో కలిసి ఉత్తరధ్రువం వైపు ఎక్కడికైనా వెళ్దామనుకుంటున్నాం. పైకి వెళ్లేకొద్దీ చలి పెరుగుతుందనే లెక్కతోనే ఊరు ఎంచుకోవచ్చా?

ఉత్తరగాలి: ఆ లెక్క పనికిరాదండీ. నేనుండే నార్వేలోని ట్రోమ్సో ఆర్కిటిక్ వలయానికి (66.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర గీసిన గీత) దాదాపు 350 కి.మీ. పైన ఉంది, అయినా జనవరిలో సగటున మైనస్ 4 దరిదాపుల్లోనే ఉంటుంది, రేవు గడ్డకట్టదు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని నీరు నార్వే తీరం వెంబడి పైదాకా వస్తుంది, అంతా దాని చలవే. ఇక్కడ అసలు టెన్షన్ జారిపడటం గురించి. ఒకరోజు వాన పడితే మర్నాటికి అది రోడ్డంతా గాజులా గడ్డకడుతుంది, కాబట్టి పెద్దవాళ్లకు బూట్ల కింద తగిలించుకునే ముళ్ల పట్టీలు తప్పకుండా కొనండి. నవంబరు చివర్నుంచి జనవరి మధ్యదాకా సూర్యుడు కనపడడు, మధ్యాహ్నం మాత్రం కాసేపు నీలం వెలుగుంటుంది.

కాల్గరీ_లక్ష్మి: మేం కెనడాలో ఎల్లోనైఫ్ వెళ్లాం. అది 62 డిగ్రీల అక్షాంశం దగ్గరే, వలయానికి చాలా కిందే, కానీ మేమున్నప్పుడు మైనస్ 35! వెచ్చని సముద్రమేదీ దగ్గర్లో లేదు మరి. గ్రేట్ స్లేవ్ సరస్సు గడ్డకడితే దాని మీదే కార్లు తిరుగుతాయి. జేబులోంచి తీసిన కాసేపటికే ఫోన్ చచ్చిపోయేది.

మున్నా_పీటర్స్‌బర్గ్: అన్నా, రష్యాలో మూర్మాన్స్క్ కూడా చూడు. మా సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి రైల్లో ఒక రోజుపైనే పడుతుంది. వలయం లోపలి నగరాల్లో అదే పెద్దది. ట్రోమ్సోకి వచ్చే వెచ్చని నీరే అక్కడికీ చేరుతుంది, అందుకే మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో, చలికాలంలోనూ ఓడలు వచ్చే రేవు కావాలని ఆ ఊరు కట్టారు.

భూగోళం_టీచర్: వలయం సూర్యుణ్ణి బట్టి గీసిన గీత బాబూ, చలిని బట్టి కాదు. అక్కణ్ణుంచి పైన ఏడాదిలో కనీసం ఒకరోజు సూర్యుడు అస్తమించడు, శీతాకాలంలో ఉదయించని రోజులూ వస్తాయి. వాతావరణం చూసేవాళ్లు జులై సగటు 10 డిగ్రీలు దాటని ప్రాంతాన్నే ఆర్కిటిక్ అంటారు, చెట్లు పెరగడం ఆగిపోయే హద్దు కూడా ఇంచుమించు అక్కడే. ఆ లెక్కన చెట్లున్న ట్రోమ్సో అందులోకి రాదు. ఇక ధ్రువం దగ్గర నేలే లేదు. 4 వేల మీటర్లకు పైగా లోతున్న సముద్రం, దాని మీద తేలే మంచు, అంతే. కింద నీళ్లున్నాయి కాబట్టే అంటార్కిటికా అంత చలి ఇక్కడుండదు, అది ఎత్తైన ఖండం. మన దేశపు పరిశోధన కేంద్రం హిమాద్రి 2008 నుంచి ఉన్నది నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, 79 డిగ్రీలకు దగ్గర్లో.

గోదారి_కుర్రోడు: స్వాల్‌బార్డ్‌కి వీసా అక్కర్లేదంటున్నారు, నిజమేనా?

వెన్నెల_ఓస్లో: దీవులకు అక్కర్లేదు, కానీ ఓస్లో మీదుగా వెళ్లాలంటే షెంగెన్ వీసా (నార్వేతో పాటు చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది) కావాలి, అదీ రెండుసార్లు లోపలికి రానిచ్చేది, ఎందుకంటే స్వాల్‌బార్డ్ షెంగెన్‌లో లేదు. డిసెంబరులో అక్కడ మధ్యాహ్నం కూడా చిమ్మచీకటే. ధ్రువపు ఎలుగుల భయం ఉంది కాబట్టి తుపాకీ ఉన్న గైడ్ లేకుండా ఊరు దాటకపోవడమే మంచిది. పెద్దవాళ్లతో అయితే ట్రోమ్సోకే వెళ్లండి, స్వాల్‌బార్డ్ వేసవిలో చూడొచ్చు.