అప్‌డేట్: రాజీనామా తీసుకోనన్న మేనేజర్ సంగతి

ఐదు నెలల కిందట ఇక్కడ మిమ్మల్ని అడిగాను: మానేస్తానంటే మేనేజర్ "ఇప్పుడు కుదరదు" అని నోటిమాటతోనే నెట్టేస్తున్నాడు, ఏం చేయాలని. మీరన్నట్టే మాటలు ఆపి మెయిల్ పెట్టాను, సీసీలో హెచ్‌ఆర్. అందులో మూడే ముక్కలు: నేటి నుంచి 60 రోజుల నోటీసు, ఆఖరి పనిదినం ఫలానా తేదీ, పని ఎవరికి అప్పగించాలి. కారణాలు రాయలేదు. రాస్తే బేరం మొదలవుతుంది.

మేనేజర్ జవాబివ్వలేదు. హెచ్‌ఆర్ మాత్రం మెయిల్ తేదీ నుంచే లెక్కేసింది.

అసలు చిక్కు పీఎఫ్‌లో వచ్చింది, నేను మానేసిన తేదీని కంపెనీ అందులో ఎక్కించలేదు. దానికి వాళ్ల దయ అక్కర్లేదు. చివరి పీఎఫ్ జమ అయిన రెండు నెలలకు యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) పోర్టల్‌లో 'మేనేజ్', 'మార్క్ ఎగ్జిట్' నొక్కి మనమే వేసుకోవచ్చు. ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆఖరి జమ ఏ నెలదో తేదీ కూడా ఆ నెలలోదే ఉండాలి. ముందు పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడండి. తప్పు తేదీ పడితే సరిచేసుకోవడం మళ్లీ ఓ తలనొప్పి.

రిలీవింగ్ లెటర్ (పని నుంచి విడుదల చేశామని పాత కంపెనీ ఇచ్చే కాగితం) ఇంకా రాలేదు. రాజీనామా మెయిల్, చివరి మూడు పే స్లిప్పులతో కొత్తచోట సరిపెట్టుకున్నారు.