ఆంగ్లంలో టైము చెప్పడం నేర్పేటప్పుడు ‘పాస్ట్’, ‘టు’ మొదటే చెప్పాలా?

గుంటూరు ఉపాధ్యాయుడు:
బ్రాడీపేటలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు ఆంగ్లం చెబుతున్నాను. గంట దాటి ఎన్ని నిమిషాలైందో చెప్పే ‘పాస్ట్’, గంటకు ఇంకా ఎన్ని నిమిషాలుందో చెప్పే ‘టు’, ఈ రెండింటి జోలికి మొదటి నెలలో వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం. 4:50ని ‘ఫోర్ ఫిఫ్టీ’ అని చదవగలిగితే చాలు; మనం ‘నాలుగూ యాభై’ అంటాం కనుక ఆ వరుస వాళ్లకు కొత్త కాదు, సెల్‌ఫోను కూడా అంకెల్లోనే చూపిస్తుంది. ‘టు’ చెప్పిన మర్నాడే ఒకావిడ 4:50కి ‘టెన్ టు ఫైవ్’ అనబోయి ‘ఫైవ్ టు టెన్’ అన్నారు. ‘ఐదుకి పది నిమిషాలుంది’ అనే మన మాటను ఆ వరుసలోనే ఆంగ్లంలో పెట్టారన్నమాట. నిజంగా తప్పు మాటైతే వినేవారు అనుమానించి మళ్లీ అడుగుతారు. ఇది 9:55కి చెల్లే సరైన మాట కాబట్టి ఎవరూ అడగరు, ఐదు గంటల పైచిలుకు తేడా వస్తుంది.

విజయవాడ ఉపాధ్యాయిని:
మాస్టారూ, ఆ పొరపాటు సత్యనారాయణపురంలో నా విద్యార్థుల నోటా విన్నాను, కానీ దానికి కారణం ‘టు’ కాదు, దాన్ని మనం ‘కి’ అని అనువదించి చెప్పడం. అదే 4:45ని మన ఇళ్లలో ‘పావుతక్కువ ఐదు’ అంటాం. పావుకు క్వార్టర్, తక్కువకు ‘టు’, ఐదుకు ఫైవ్: మూడు మాటలూ అదే వరుసలో ఉన్నాయి. ‘పది తక్కువ ఐదు’ అనిపించి, ఆ తరువాతే ‘టెన్ టు ఫైవ్’ అనిపిస్తే వరుస తిరగబడటం చాలావరకు ఆగిపోయింది. నిజానికి మనవాళ్లకు కష్టమైనది ‘పాస్ట్’. నాలుగున్నరలో నాలుగు ముందు, అర తరువాత, నాలుగుంపావులోనూ అంతే, ‘హాఫ్ పాస్ట్ ఫోర్’లో అర ముందుకు వస్తుంది. అందరూ సులువని మొదట చెప్పే పాఠమే తెలుగువారికి ఎదురు నడక.

ఇంకొక మాట. మన విద్యార్థి తనకు వచ్చినట్టు చెప్పవచ్చు, ఎదుటివారు మాత్రం వాళ్ల అలవాటు ప్రకారమే మాట్లాడతారు. అమెరికాలో కొందరు ‘టు’ బదులు ‘ఆఫ్’ (of) అంటారు, బ్రిటన్‌లో మాటవరసకు ‘హాఫ్ ఫోర్’ అంటే నాలుగున్నర. కొడుకు దగ్గరికి వెళ్లబోయే తల్లికి అంకెలు చదవడం మాత్రమే నేర్పి పంపితే ఆమె ఫోను చూసి చెప్పగలదు, చెవితో విన్నది మాత్రం అర్థం కాదు.

ఒక విద్యార్థి తండ్రి:
విజయవాడ జంక్షన్‌లో బోర్డు మీద 16:50 అని ఉంటుంది. అది కూడా మొదటే చెప్పాలి కదండీ?

విజయవాడ ఉపాధ్యాయిని:
చదవడం వరకు చెప్పాలండీ, పన్నెండు తీసేస్తే సరిపోతుంది. ‘పాస్ట్’, ‘టు’లతో మాట్లాడేటప్పుడు మాత్రం పన్నెండు గంటల లెక్కే వాడతారు కనుక ఆ రెండింటినీ ఒకే రోజు కలపవద్దు.

గుంటూరు ఉపాధ్యాయుడు:
మేడమ్ గారూ, ‘పావుతక్కువ’ నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా అంకెలు ముందు అన్న మాట వదులుకోను, ఎందుకంటే మొదటి వారంలోనే ఆసుపత్రి అపాయింట్‌మెంటు అడగవలసినవారు నా దగ్గర ఉన్నారు. ఈసారి నెల ఆగకుండా రెండో వారంలో ‘క్వార్టర్ టు’తో మొదలుపెడతాను, ‘హాఫ్ పాస్ట్’ దాని తరువాతే. ఆ ‘ఫైవ్ టు టెన్’ అన్న ఆవిడనే ముందుగా పిలిచి ‘పది తక్కువ ఐదు’ అనిపిస్తాను.