ఎత్తయిన కట్టడానికి ఏ మాట ఎక్కడ చెల్లుతది?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
పోటీ పరీక్షల పిల్లలకు పర్యాయపదాల పట్టిక తయారైతున్నది. మేడ, మిద్దె, డాబా, సౌధం, హర్మ్యం, ప్రాసాదం, భవంతి, బంగ్లా, అన్నీ ఒకే వరుసల పెట్టి ‘ఎత్తయిన భవనం’ అని రాస్తే చెల్లుతదా? ఆకాశహర్మ్యం అనే మాట ఇండ్లల్ల ఎవరన్నా అంటరా?

జనగామ నుంచి:
పట్టికలో పెడితే మార్కులొస్తాయి, వాక్యంలో పెడితే దొరికిపోతారు. అమరకోశం ‘హర్మ్యాది ధనినాం వాసః, ప్రాసాదో దేవభూభుజామ్’ అంటుంది. ధనవంతుడుండేది హర్మ్యం, దేవుడిదీ రాజుదీ అయితే ప్రాసాదం. సౌధంలో ఉన్నది సుధ, అంటే సున్నం. సున్నం పూసి తెల్లగా మెరిసే ఇల్లు. ఈ మూడింటిలో ఎవరు ఉంటారు, ఏం పూశారు అన్న లెక్కే తప్ప ఎత్తు లెక్క లేదు.

ఎత్తు ఉన్నది మేడలో. తమిళంలో మేడు అంటే దిబ్బ, మేడై అంటే వేదిక. మన మేడ ఆ కుదురుదే. నేలమీది ఇంటిపైన కనీసం ఒక అంతస్తు లేకపోతే మేడ కాదు. మిద్దెకు ఆ పట్టింపు లేదు, అది కప్పును బట్టి వచ్చిన పేరు. రాయలసీమ మట్టిమిద్దెకు ఒక్క అంతస్తే, కప్పు చదునుగా ఉంటే చాలు. ‘మేడలూ మిద్దెలూ’ అని జంటగా అనీ అనీ రెండూ ఒకటే అనిపించాయి గానీ ఒకటి కావు. పైఅంతస్తుకు ఉప్పరిగ, అంతస్తుకు అంతరువు అనే పాతమాటలున్నాయి. పద్యం చదివేటప్పుడు పనికొస్తాయి.

కరీంనగర్ నుంచి:
అన్నా, మన దిక్కు మేడ అనే మాట పాటలల్లనే ఇనబడ్తది. మాటల్ల బంగ్లానే. ‘బంగ్లా మీద మిరపకాయలు ఎండబోసిన్రు’, ‘పోరడు బంగ్లా ఎక్కి పతంగి ఎగరేస్తుండు’. ఇక్కడ బంగ్లా అంటే స్లాబు మీది జాగ. కోస్తావాళ్లు డాబా మీద అనేది ఇదే. తమాషా ఏందంటే, ఆ మాట పుట్టింది బెంగాల్ తీరు ఇల్లు అనే అర్థంతోని. అది గడ్డికప్పు ఉన్న ఒంటి అంతస్తు ఇల్లు. మన దగ్గరికొచ్చేసరికి మెట్లెక్కిపోయే చోటయింది.

ఒక్కటి చూసుకోవాలె. బంగ్లపెంకల ఇల్లు వేరు, బంగ్లా ఇల్లు వేరు. పెంకలింటి మీద ఎవరూ మిరపకాయలు ఎండబోయరు. పాత దస్తావేజుల ‘బంగ్లా’ అని ఉంటే స్లాబా, పెంకలా అని అడిగి రాసుకోవాలె.

ఇంక మంజిల్. ‘మూడు మంజిళ్ల బిల్డింగు’ అని మేస్త్రీలు ఇప్పటికీ అంటరు. అరబ్బీల మంజిల్ అంటే దిగే చోటు. బాటసారుల మజిలీ కూడ ఆ మాటే.

సిద్దిపేట నుంచి:
భవంతి సంగతి ఎవరూ ఎత్తలేదు. పెద్దమనుషుల నోట భవంతి అంటే నడుమ ఆకాశం కనబడేటట్టు ఖాళీ వదిలి, నాలుగు దిక్కుల వసారాలు దించిన ఇల్లు. కోస్తాలో మండువా అంటారు. అది అడ్డంగా పరుచుకున్న ఇల్లు, నిలువుగా లేచింది కాదు. ‘ఇరవై అంతస్తుల భవంతి’ అని హెడ్డింగ్ చూస్తే ఆ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. గడి కూడా అంతే, దొర ఉన్న కోటలాంటి ఇల్లు. ఎత్తు కన్నా అధికారం చెప్పే మాట.

మంచిర్యాల నుంచి:
మాటలకన్నా లెక్కలో తప్పులు ఎక్కువ. ‘ఐదంతస్తుల భవనంలో ఐదో అంతస్తులో మంటలు’ అని రాస్తారు. మన లెక్కలో గ్రౌండ్ ఫ్లోర్‌ను కలుపుకుంటేనే ఐదు. కానీ ‘మొదటి అంతస్తు’ మొదలయ్యేది గ్రౌండ్ పైనుంచి. అంటే ఆ భవనం జీ ప్లస్ ఫోర్, గ్రౌండ్ పైన నాలుగు. అందులో నాలుగో అంతస్తే చివరిది, ఐదోది లేనే లేదు. ‘నాలుగో అంతస్తు’ అనో ‘పై అంతస్తు’ అనో రాయాలి. అమెరికా వార్త తెస్తే ఇంకో మెలిక: అక్కడ ఫస్ట్ ఫ్లోర్ అంటే నేలమీదిదే. వాళ్ల థర్డ్ ఫ్లోర్ మన రెండో అంతస్తు.

స్టిల్ట్ ప్లస్ ఫైవ్ అయితే ‘పార్కింగ్ పైన ఐదంతస్తులు’ అని విప్పి చెప్పండి. సెల్లార్‌ను అంతస్తుల్లో కలపొద్దు.

సంధి కూడా చూసుకోండి. మూడంతస్తులు, ఐదంతస్తులు, ఏడంతస్తులు అనడం సహజం, చివరి ఉకారం పోతుంది. ఇరవై అంతస్తులు అట్లాగే ఉంటుంది. ‘పదంతస్తులు’ అని కలిపితే పదం గుర్తొస్తుంది. విడదీసి పది అంతస్తులు అనండి. ‘బహుళంతస్తుల’ కన్నా ‘బహుళ అంతస్తుల’ మేలు.

హన్మకొండ నుంచి:
మంచిది సార్. మరి ఆకాశహర్మ్యం ఎక్కడినుంచి మొదలుపెట్టాలె?

మంచిర్యాల నుంచి:
చట్టంలో ఆ మాట ఉండదు, హైరైజ్ అని ఉంటుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో 15 మీటర్లు, మన 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168లో 18 మీటర్లు దాని హద్దు. అంతస్తుకు మూడు మీటర్లు వేసుకున్నా అది ఐదారు అంతస్తులే. దాన్ని ఆకాశహర్మ్యం అంటే నవ్వుతారు. ‘బహుళ అంతస్తుల భవనం’ చాలు. వరంగల్ పాత జైలు జాగలో తలపెట్టిన ఆసుపత్రిని కూడా జనం 24 అంతస్తుల దవాఖాన అనే అంటున్నారు, ఆకాశహర్మ్యం అనడం లేదు. అంకె చెప్పగలిగినప్పుడు అంకే బలం.

జనగామ నుంచి:
సంస్కృతంలో స్కైస్క్రేపర్‌కు దగ్గరి మాట ముందే ఉంది: అభ్రంకషం, మేఘాన్ని ఒరుసుకునేది. ‘సర్వకూలాభ్రకరీషేషు కషః’ అని పాణిని సూత్రమే ఉంది. మేఘదూతంలో అలకాపురి మేడలు అభ్రంలిహాగ్రాలు, కొసలతో మబ్బును నాకేవి. అందం వాటిదే, కానీ వాడుకలోకి రాలేదు. హెడ్డింగుల్లో అంబరచుంబి నడుస్తుంది. దాన్ని ‘అంబరచుంబిత భవనం’ అని మాత్రం రాయకండి. చుంబి అంటే ముద్దాడేది, చుంబితం అంటే ముద్దాడబడింది. ఇత చేరగానే పని తిరగబడుతుంది.

కరీంనగర్ నుంచి:
హర్మ్యం టైపు చేసేటప్పుడు కూడ జాగ్రత్త. హార్మ్యం, హర్య్మం అని వస్తున్నయ్. హ తరువాత ర, మ, య. మకారం ముందు, యవత్తు తరువాత.

హన్మకొండ నుంచి:
ఆఖరుది. ‘బుర్జ్ ఖలీఫా టవర్’ అని రాయొచ్చా?

సిద్దిపేట నుంచి:
వద్దు. 828 మీటర్లున్నా ఆ బుర్జ్ మన ఊరి బురుజే. ఖిలా వరంగల్ గోడకు ఉన్నదీ అదే మాట. బుర్జ్ అన్నాక మళ్లీ టవర్ అంటే ‘గేటు దర్వాజ’ అన్నట్టుంటుంది.